ముసురునాడు గదిలోకొచ్చిన అల్లుడు

నెల్లూరు జిల్లాలో చలేమిటని నవ్వేవాళ్ళుంటారు. వాళ్ళంతా సముద్రం వైపు వాళ్ళు. మార్గశిరంలో ఒక్కసారి ఉదయగిరి దాటి సీతారామపురం దారిలో మా ఊరిదాకా వస్తే వాళ్ళే దుప్పటి అడుగుతారు. ఒక పక్క కొండ, ఇంకో పక్క వాగు, మధ్యలో మేము. పొద్దెక్కినా కొండ నీడ మా వీధి మీద నుంచి కదలదు. కొండ మీద నుంచి దిగే గాలికి తలుపులు, కిటికీలు వేసుకున్నా పెద్ద తేడా ఉండదు.

చలి మాకు కొత్త కాదు, ఇల్లే కొత్తది. నేను కాపురానికి వచ్చినప్పుడు మాది మట్టి మిద్దె. మూరెడు మందం గోడలు, దూలాల మీద కట్టెలు, కట్టెల మీద మట్టి, వానలకు ముందు ఏటేటా దాని మీద కారకుండా చవుడు మన్ను. మిద్దె నడిమధ్యన ఒక బొక్క ఉండేది. గవాచి అనేవాళ్ళం. వెలుతురు అందులోనుంచి దిగేది, పొగ అందులోనుంచి పోయేది. చలికాలం వస్తే పొయ్యి లోపలే, పడకలు లోపలే, ఆ నెలల్లో పుట్టిన గొర్రెపిల్లలు కూడా గంప కింద లోపలే. వాసన సంగతి అడక్కండి. కానీ ఆ ఇంట్లో ఎవరైనా చలికి వణికినట్టు నాకు గుర్తులేదు.

దాన్ని పడగొట్టించింది నేనే. మట్టి మిద్దెలో ఉంటే ఆడపిల్లను ఎవరడుగుతారని పోరుపెట్టి, కాలనీ ఇళ్ళలో పేరు రాయించి, సిమెంటు ఇటుకలతో రెండు గదుల శ్లాబు వేయించాను. ముందు రేకుల వసారా. వాన కారదు, తేలు రాలి పడదు, నాకదే గొప్ప. ఎండాకాలం పెనం మీద ఉన్నట్టుంటుంది, చలికాలం బావిలో ఉన్నట్టుంటుంది, నిజమే. మా ఆయన తల్లి మొదటి చలికాలమే తీర్పు చెప్పేసింది. "ఇల్లు కాదుమే ఇది, ఐసుపెట్టె" అంది. మా పిల్ల ఆమెను అవ్వ అంటుంది. ఆ పిలుపే ఇంటందరికీ అలవాటైపోయి నేనూ అవ్వ అనే అంటాను. అవ్వ మాట నేను చెవిన వేసుకోలేదు. ఆమె ఏ కొత్త వస్తువును మెచ్చుకుంది గనక?

నేను ఊళ్ళోనే అంగన్‌వాడీ టీచర్ని. మా ఆయనకు గొర్రెల మంద ఉంది. వానలు మొదలైతే మా దగ్గర నేలంతా బురదై గొర్రెల కాళ్ళు చెడిపోతాయని, ఆ నెలల్లో మందను తోలుకుని సోమశిల వెనక మిట్టలకు పోతాడు. కాబట్టి మా పిల్ల పురిటికి వచ్చిననాటికి ఇంట్లో ఉన్నది నేను, అవ్వ, అంతే.

అల్లుడి సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు వింతగా ఉంటుంది. మా వాళ్ళలో అత్త అల్లుడి ఎదట పడదు. అన్న కొడుకో, తమ్ముడి కొడుకో అల్లుడైతే ఈ బాధ లేదు, ఎత్తుకుని పెంచిన పిల్లోడి ముందు సిగ్గేమిటి! మాది బయటి సంబంధం. అల్లుడిది దుత్తలూరు పక్క పల్లె, పాలవ్యాను నడుపుతాడు. అతను గడపలోకి వస్తే నేను లోపలికి పోవాలి. అతను కూర్చున్న చోట నేను కూర్చోకూడదు, మాట మాట్లాడకూడదు. అవసరం పడితే గోడకో గడపకో చెప్పాలి. మా అమ్మ బతికినన్నాళ్ళూ మా ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మా ఇంటికొస్తే, "ఏమ్మా, కూడు చల్లారిపోతా ఉండాది, లెయ్యమని చెప్పు" అని బర్రెతో చెప్పేది. బర్రె చెవులాడించేది. ఆయన లేచి చేతులు కడుక్కునేవాడు.

చదువుకున్నదానివి, ఊరి ఆడవాళ్ళందరికీ మీటింగులు పెట్టి చెప్పేదానివి, నీకేందిమే ఈ పాతకాలం పద్ధతి అని మా వీధిలోవాళ్ళే ఎగతాళి చేసేవాళ్ళు. ఏం చెప్పను? సగం అలవాటు, సగం సిగ్గు. కొంచెం గర్వం కూడా. అత్తనయ్యాను కదా, ఆ దర్జా నాకూ కావాలనిపించింది. పెళ్ళయి ఏడాది దాటినా అల్లుడి చెప్పులు, గొంతు, వ్యాను హారను తప్ప నాకేమీ తెలియవు. మొహం పెళ్ళి ఫొటోలో చూశాను. అందులో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఉన్నాడు.

మా పిల్లకు నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. ఆత్మకూరు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోలు కూడా తూగలేదు. కొన్నాళ్ళు అద్దాలపెట్టెలో ఉంచి, పాలు చీకుతోంది, ఇంక ఇంటికి తీసుకుపోండి అన్నారు. పంపించేముందు అక్కడి నర్సు నన్ను పక్కకు పిలిచి, నేను అంగన్‌వాడీ టీచర్నని తెలిసి కూడా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"కాళ్ళు చల్లబడకుండా చూసుకో. కాళ్ళు చల్లబడితే పాలు తాగదు. పాలు తాగకపోతే ఇంకా చల్లబడతాది. అది మొదలైందంటే మన చేతిలో ఉండదు. నీళ్ళు పొయ్యొద్దు, పొగలెయ్యొద్దు, నిప్పులు పెట్టొద్దు."

నాకవన్నీ తెలుసు. ఊళ్ళో నేను చెప్పే మాటలే అవి. కానీ పరాయి బిడ్డకు చెప్పడం వేరు, మన ఇంటి బిడ్డ కాళ్ళు పట్టుకుని చూడడం వేరు. బొటనవేలంత పాదాలు. దారంతా నా చేయి ఆ పాదాల మీదే ఉంది.

ఇంటికి తేగానే అవ్వ గుడ్డ విప్పి చూసి, "పిల్లామే ఇది, తొండపిల్లా?" అంది. అని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ క్షణం నుంచి ఆ గదిని వెచ్చగా ఉంచడం అనే పని మా ఇద్దరి మధ్య యుద్ధమైంది.

నా వైపు నుంచి, కిటికీ రెక్కల సందుల్లో గుడ్డలు కుక్కాను. దాని మీద రెండు గోనెసంచులు కలిపి కుట్టి వేలాడదీశాను. నేల మీద వరిగడ్డి పరిచి పైన పట్ట వేశాను, సిమెంటు నేల చలిని పైకి ఊదుతుంది మరి. మంచం మీద పాత చీరల బొంత, దాని మీద ఇంకో బొంత. మా పక్కింట్లో నాటుకోళ్ళ పిల్లలకు వెచ్చదనం కోసం గంపలో పెద్ద బల్బు వేలాడదీస్తారు. సిగ్గుపడకుండా పోయి అడిగి ఆ బల్బు తెచ్చి, మంచానికి కాస్త ఎడంగా కట్టాను. కోడిపిల్లలు చచ్చిపోతాయేమోనని ఆ ఇంటామె గొణిగింది గానీ ఇచ్చింది.

అవ్వ వైపు నుంచి, వేడి నీళ్ళు. పిల్లకు నీళ్ళు పోయందే చలి పోదని ఆమె వాదన. కాళ్ళ మీద పండుకోబెట్టుకుని, మరిగే నీళ్ళు చెంబులతో పోసి, సాంబ్రాణి పొగ పట్టి, అలా ఆరుగురిని పెంచింది. "నీ మొగుణ్ణి కూడా అట్టనే పెంచినా, ఎట్టుండాడో చూడు" అనేది. దానికి జవాబు చెప్పడం కష్టం. మా ఆయన ఎద్దులా ఉంటాడు.

ఒకరోజు నేను సెంటర్ నుంచి వచ్చేసరికి గదిలో వేడి బాగా ఉంది. అదేమిటబ్బా అనుకుంటూ చూద్దును కదా, మంచం కింద ఇనుప బొచ్చెలో కణకణలాడే బొగ్గులు. తలుపు బిగించి ఉంది. మా పిల్ల తల పట్టుకుని, "అమ్మా, తల పగిలిపోతా ఉండాది" అంటోంది. నాకు పిచ్చి కోపమొచ్చింది. బొచ్చె ఈడ్చుకుపోయి వాకిట్లో విసిరేసి తలుపులు, కిటికీలు బార్లా తీశాను. కూడబెట్టుకున్న వేడంతా ఒక్క నిమిషంలో పోయింది.

"నా బాలింత గదిలో నిప్పుల్లేని రోజే లేదు. నేను చచ్చినానా?" అంది అవ్వ.

"మీ మిద్దెకు గవాచి ఉండె. దీనికేముండాది? నిప్పుల పొగ యాడికి పోతాదీ, ముక్కుల్లోకా?"

"గవాచి లేకుండా ఇల్లెవరు కట్టమన్నారు?"

ఆ మాటకు నేను వంటగదిలోకి పోయి గిన్నెలు ఎత్తెత్తి పెట్టాను. ముసలామె రెండు పూటలు అన్నం ముట్టలేదు. మూడో పూట నేనే పళ్ళెం తీసుకుపోయి ఆమె ముందు పెట్టి, తింటే తిను లేకపోతే కుక్కకు పెట్టు అని వచ్చేశాను. తినింది.

అల్లుడు సాయంత్రం ట్రిప్పు అయ్యాక వచ్చేవాడు. చెప్పులు విడిచి వసారాలో నిలబడి, "ఎట్టుండాది అవ్వా?" అని అడిగేవాడు. అవ్వ బిడ్డను తెచ్చి గడపలో చూపించేది. ఊయలలో వేసేదాకా మగవాళ్ళు బాలింత గదిలోకి రాకూడదు, కాబట్టి అంతవరకే. చూసుకుని, గడప అవతల కాసేపు నిలబడి పోయేవాడు. నేను తలుపు వెనక నిలబడి, "కాఫీ తాగి పొమ్మను" అని గోడకు చెప్పేదాన్ని.

ఒకసారి పెద్ద అట్టపెట్టె భుజాన పెట్టుకుని వచ్చాడు. ఆత్మకూరులో కొన్న రూమ్ హీటర్. అవ్వ పర్యవేక్షణలో మా పిల్ల దాన్ని ప్లగ్గులో పెట్టింది. ఎర్రగా వెలిగింది, బాగుందే అనుకున్నాం, అంతలో ఎక్కడో ఫట్ మంది. మా ఇంట్లోనే కాదు, వీధి మొత్తం కరెంటు పోయింది. సరిగ్గా సీరియళ్ళ వేళ. ఎవరింట్లోరా ఆ పని అని వీధి వీధంతా అరిచింది. "అల్లుడు వేడి తెచ్చినాడంట, ఊరంతా చల్లబడిపోయింది" అంది అవ్వ, అతనికి వినపడేట్టు. పాపం, అతను పెట్టె మళ్ళీ కట్టుకున్నాడు. తలుపు వెనక నాకు నవ్వాగలేదు.

అంతవరకూ బాగానే నడిచింది. బిడ్డ కొంచెం కొంచెం తాగుతోంది, కాళ్ళు వెచ్చగానే ఉంటున్నాయి. అప్పుడు పట్టింది ముసురు. సముద్రంలో వాయుగుండం అన్నారు. గట్టి వాన కాదు, గాలితో కూడిన సన్నటి జల్లు, తెరిపి లేదు. సూర్యుడి జాడ లేదు. గోడలు చెమ్మగిల్లాయి, బొంతలు బరువెక్కాయి, ఆరేసిన పొత్తిగుడ్డలు ఆరవు. పెనం మీద ఆరబెట్టి వాడాము. నాకు జలుబు పట్టి దగ్గు మొదలైంది. మా పిల్లకు రొమ్ములో పాలు గడ్డకట్టి చలిజ్వరం వచ్చింది. మంచం కదిలిపోయేట్టు వణికేది.

ముసురు పట్టిన మూడో రోజు పొద్దున కరెంటు పోయింది. కోడిపిల్లల బల్బు ఆరిపోయింది. ముందురోజు సాయంత్రం జ్వరం మందులు తెచ్చిన అల్లుడు తిరిగి పోలేకపోయాడు. చప్టా మీద వాగు పొర్లుతోంది, ఉదయగిరి వైపు దారి లేదు. సీతారామపురం వైపూ అంతేనని చెప్పారు. వ్యానులోనే పడుకుని, తెల్లారి వచ్చి వసారాలో మూలగా కూర్చున్నాడు. రేకుల మీద జల్లు, కింద అతను. లోపలికి రమ్మనేవాళ్ళు లేరు. అతను అడగలేదు.

నేను బిడ్డ పాదం పట్టుకున్నాను. చల్లగా ఉంది. పొట్ట మీద చేయి వెనక్కి తిప్పి పెట్టి చూశాను, అక్కడా వేడి తగ్గింది. మా పిల్లను లేపి బిడ్డను రొమ్ముకు అందించాము. ఆ నోరు తెరుచుకోలేదు. పెదవుల మీద పాలు పిండితే పక్కకు కారిపోయాయి. ఏడవను కూడా ఏడవడం లేదు. నర్సు చెప్పిన ఆ వరసే అది, మొదలైపోయింది.

సిగ్నల్ కోసం గొడుగు పట్టుకుని శ్లాబు మీదకెక్కి ఆత్మకూరు నర్సుకు ఫోన్ చేశాను. అంబులెన్సు వాగు దాటలేదు, ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"ఎవరైనా రొమ్ము మీద పెట్టుకోండి. గుడ్డలు లేకుండా, ఒంటికి ఒళ్ళు తగలాలి. పైన కప్పండి. అంతకు మించిన వేడి లేదు. వాళ్ళమ్మ?"

"జ్వరం తల్లీ, వణికిపోతా ఉండాది. పట్టుకోలేదు."

"నువ్వు?"

ఆ ప్రశ్నకు నా దగ్గే జవాబు చెప్పింది. దగ్గేవాళ్ళు వద్దంది. అవ్వ గురించి చెప్పాను. ఆమె అప్పటికే జాకెట్టు విప్పి బిడ్డను పెట్టుకుని చూసింది. ఎముకలు, తోలు. ఆమె ఒళ్ళే బిడ్డకన్నా చల్లగా ఉంది.

"వాళ్ళ నాయన లేడా?"

"ఉండాడు."

"మరేంది?"

"వసారాలో ఉండాడు."

"వసారా నుంచి గదికి ఎంత దూరమమ్మా?" అంది నర్సు, చాలా మామూలుగా. ఫోన్ పెట్టేసింది.

మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది. మా సెంటర్ గోడ మీద ఈ పని గురించి ఒక బొమ్మ ఉంది. తండ్రి కూడా పెట్టుకోవచ్చు అని దాని కింద రాసి ఉంటుంది. ఆ మాట నేను పైకి చదివినప్పుడల్లా ఆడవాళ్ళు పమిటలు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని.

అవ్వకు చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. "బాలింత గదిలోకి మగోడేందిమే? అదీ గుడ్డలిప్పి? నువ్వుండే గదిలో? మీ అత్తాఅల్లుళ్ళిద్దరికీ సిగ్గు లేకపోయినా నాకుండాది" అంది.

"బిడ్డ పోతాదవ్వా!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పాదం పట్టుకో. పట్టుకుని అప్పుడు చెప్పు నాకు సిగ్గు గురించి."

అవ్వ పాదం పట్టుకుంది. కాసేపు అట్లే పట్టుకుని ఉంది. తర్వాత లేచి వసారాలోకి పోయింది.

"అబ్బయా, చొక్కా విప్పు."

"ఏందవ్వా?"

"చొక్కా విప్పి లోపలికి రా. నీ బిడ్డ చల్లబడిపోతా ఉండాది."

నేను గోడ వైపు తిరిగి, కొంగు తల మీదుగా లాక్కుని, దగ్గు కోసం అదే కొంగు ముక్కుకీ నోటికీ అడ్డం కట్టుకుని నిలబడ్డాను. అడుగులు గడప దగ్గర ఆగిపోయాయి.

"అత్త ఉండాది కదవ్వా."

"మీ అత్త గోడ చూసుకుంటా ఉండాది. నువ్వు రా."

వచ్చాడు. అవ్వ వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో అతని రొమ్ము, భుజాలు తుడిచినట్టుంది, పాలవాసన, డీజిలువాసన ఒకసారి గుప్పుమన్నాయి. మంచం కిర్రుమంది. నేను గోడకు చెప్పడం మొదలుపెట్టాను. బిడ్డను నిలువుగా పెట్టాలంట. కాళ్ళు కప్పకాళ్ళలా మడవాలంట. తల పక్కకు తిప్పాలంట, ముక్కు మూసుకుపోకూడదంట. "నాకు తెలుసులేమే, ఆరుగురిని కన్నదాన్ని" అంటోంది అవ్వ. చీరపేలిక చుడుతున్న చప్పుడు, కంబళి కప్పుతున్న చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఎంతసేపని గోడ చూడను? బిడ్డ ఊపిరి నాకు వినపడాలి, వినపడడం లేదు. అత్తరికం పాడుగాను అనుకుని తిరిగాను.

అతను వెల్లకిలా పడుకుని ఉన్నాడు. బిడ్డ మొహం అతని రొమ్ముకు నేరుగా ఒత్తుకుపోయి ఉంది, ముక్కు కనపడడం లేదు. అవ్వ బిగదీసి మరీ కట్టింది. నేను రెండంగల్లో పోయి, అతని గడ్డం కింద చేయి పెట్టి ఆ చిన్న తల పక్కకు తిప్పాను, బిడ్డ గడ్డం కొంచెం పైకెత్తాను. బిడ్డ సన్నగా చీదింది. అప్పుడు అతని మొహం చూశాను. నా మొహానికి జానెడు దూరంలో ఉంది మరి. ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. మీసం కూడా సరిగ్గా రాలేదు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, మూసిన కళ్ళలోనుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. ఇంత చిన్నవాడని నాకు తెలియదు. ఇన్నాళ్ళూ నేను తలుపు వెనక దాక్కుంది ఈ పిల్లోడి నుంచా అనిపించింది.

"గట్టిగా ఊపిరి తియ్యొద్దు, మామూలుగా తియ్యి" అన్నాను. గోడకు కాదు.

అతను తలాడించాడు. కళ్ళు తెరవలేదు.

ఆ పూటంతా అలా గడిచింది. బయట జల్లు, లోపల పొయ్యి దగ్గర నీళ్ళు మరిగే చప్పుడు. మా పిల్లకు మాత్ర ఇచ్చి, రొమ్ముకు కాపడం పెట్టి పక్క మంచం మీద పడుకోబెట్టాను. మగత నిద్రలో ఉంది. అతను కదల్లేదు. ఒక చేయి బిడ్డ వీపు మీద, ఇంకో చేయి బిడ్డ పిర్రల కింద, రెండూ కంబళి లోపలే. దోమ మొహం మీద వాలినా తోలుకోలేదు. అవ్వ విసనకర్ర తెచ్చి మొహం దగ్గర ఊపుతూ కూర్చుంది. నేను మధ్యమధ్య కంబళి అంచు ఎత్తి పాదం తాకి చూస్తున్నాను. అట్లే ఉంది. కాసేపటికి కొంచెం నయమనిపించింది, కొంచెం నా భ్రమేమో అనిపించింది. బిడ్డ నోరు మాత్రం తెరవలేదు. నోరు తెరవనిదే ఏ వేడీ లెక్కలోకి రాదు.

ఇంతలో గదిలో ఏదో శబ్దం. అవ్వా నేనూ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అతని కడుపు. ముందురోజు సాయంత్రం కాఫీ తాగిన మనిషి, ఆ తర్వాత ఏమీ తినలేదు. అడగడానికి సిగ్గు అతనికి, తలపుకు రానంత గాభరా మాకు.

మిరియాల చారు పెట్టాను, వేడన్నంలో కలిపాను. అవ్వ పళ్ళెం తీసుకుని పోయి ముద్ద ఎత్తింది. ఆమె చేతులు వణుకుతాయి, అప్పుడు చలికి ఇంకా వణుకుతున్నాయి. ముద్ద సగం అతని గడ్డం మీద, సగం కంబళి మీద. బిడ్డ తల మీద వేడి మెతుకు పడితే? పళ్ళెం ఆమె చేతిలోనుంచి లాక్కున్నాను.

మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. అల్లుడి కన్నా కిందుగా, మొహం ఎదురుగా. మా అమ్మ చూస్తే ఏమనేదో నాకు తెలుసు. కొంగు నోటికి కట్టే ఉంది, దగ్గుకు కట్టుకున్నదో అల్లుడికి కట్టుకున్నదో ఇప్పుడు నాకే తెలియదు. ముద్ద చేసి, ఊది, అతని నోటి దగ్గర పెట్టాను. పెదవులు బిగించి తల పక్కకు తిప్పాడు.

"నోరు తెరువు నాయనా" అన్నాను.

కళ్ళు తెరిచి నన్ను చూశాడు. నోరు తెరిచాడు.

ఆకలి మీద ఉన్నాడు, పాపం. నములుతున్నాడో మింగుతున్నాడో తెలియదు. "నిదానం, నిదానం, ఎక్కిళ్ళొస్తాయి" అంటున్నాను. పళ్ళెం సగం అయింది. ఇంకో ముద్ద చేసి నోటి దాకా తీసుకుపోయాను. అతను నోరు తెరిచి, ముద్ద అందుకోకుండా అలాగే ఉండిపోయాడు. కళ్ళు పెద్దవయ్యాయి.

"అత్తా!"

"ఏందిరా?" నా నోట్లోనుంచి ఆ 'రా' ఎలా వచ్చిందో నాకు తెలియదు.

"ఏందో చేస్తా ఉండాదత్తా! నన్ను... నన్ను ఏందో చేస్తా ఉండాది!"

ఎడమచేత్తో కంబళి తీసి చూశాను. బిడ్డ తల అటూ ఇటూ ఆడిస్తోంది. నోరు తెరిచి, మూసి, తెరిచి, అతని రొమ్మంతా తడుముతోంది. ఆ చప్పిటి రొమ్ము మీద వెంట్రుకలు దొరికితే వాటినే చీకుతోంది. దొరకక, కోపమొచ్చి, మొహమంతా ఎర్రగా చేసుకుని, కేర్‌మంది. పొద్దుటినుంచి వినని ఏడుపు. వసారా రేకులు అదిరాయి.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ముద్ద చేతిలోనే ఉంది, ఆ చేతి వెనకవైపుతో మొహం తుడుచుకుంటూ ఏడ్చాను, నవ్వాను, రెండూ ఒకేసారి.

"ఏమైందత్తా? నేనేమన్నా చేసినానా? తియ్యమంటావా?" అతనికి కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.

"ఆకలిరా దానికి! పాలు కావాలంట. నీ దగ్గరేముండాది పెట్టేదానికి?" అన్నాను. "ఉండు, కదలబాక. వాళ్ళమ్మను లేపుతా."